కుప్పడం చీర కింద జింకపిల్ల

రాస్తున్నావా? ముందు ఆ పెన్ను నోట్లోంచి తియ్యి. నేను చెప్పేది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు. నేను దగ్గితే అది రాయనక్కర్లేదు.

జింకల సంగతి చెప్పమని ప్రాణం తోడేస్తున్నావు కదా, చెప్తాను. మన కంది చేను ఉందే, దర్శి నుంచి పొదిలి పోయే రోడ్డు దిగి లోపలికి వెళితే, దానికి ఒకపక్క పత్తి, ఇంకోపక్క బీడు. ఆ బీడు మొత్తం జింకలదే. పట్టా పుస్తకం ఒక్కటే తక్కువ వాటికి. పొద్దున ఎండెక్కక ముందు ఒకసారి, సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఒకసారి గుంపుగా వచ్చి మేస్తాయి. ఆడవి గోధుమరంగులో, పొట్ట తెల్లగా, నాజూగ్గా ఉంటాయి. మగది నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో, మెడ వెనక్కి వాల్చి, ముక్కు ఆకాశానికెత్తి నడుస్తుంది. దాన్ని చూస్తే నాకు మీ తాతయ్య నల్ల కళ్ళజోడు పెట్టుకుని పెళ్ళివారింటికి వెళ్ళడమే గుర్తొస్తుంది. ముందున్న రాయి చూసుకోడు, తట్టుకుని తూలినా ఎవరూ చూడలేదనుకుంటాడు. ఆ ముక్క కూడా రాయి. చదవాలంటే ఆయనకి చదివే కళ్ళజోడు దొరకాలి, అది ఈ జన్మలో దొరకదు.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయిగానీ, కంది మొక్క మోకాలెత్తు వచ్చిందంటే చాలు, లేత చివుళ్ళు కొరుక్కుపోతాయి. పోనీ ఒక మొక్క పూర్తిగా తిని కడుపు నింపుకుంటాయా? ఇక్కడొక కొరుకు, అక్కడొక కొరుకు. విందు భోజనంలో అన్నీ వడ్డించుకుని అన్నిట్నీ కెలికి లేచిపోయేవాళ్ళుంటారే, అలాగ. అందుకని మన వైపు చేను చుట్టూ కర్రలు పాతి పాత చీరలు కడతారు. గాలికి చీర రెపరెపలాడితే అక్కడెవరో మనిషి ఉందనుకుని జింకలూ పందులూ దూరం పోతాయని. పోతాయా అంటే, కొత్తలో పోతాయి. తర్వాత వాటికీ అలవాటైపోతుంది.

నాకు ఆ చీరల మధ్య గట్టు మీద నడవడమంటే మహా సరదా. ఊళ్ళో ఆడవాళ్ళ సంగతులన్నీ అక్కడ ఎండలో ఆరుతూ ఉంటాయి. ఇదిగో ఈ నీలం చీర కట్టుకుని వెళ్ళే ఫలానా ఆవిడ తిరపతిలో తప్పిపోయింది. ఈ ఊదాపూల చీర ఎదురింటావిడకి మొగుడు కొనుక్కొచ్చాడు, రంగు నచ్చక ఆవిడ ఒక పండగంతా ఆయనతో మాట్లాడలేదు. చిరిగిపోకుండానే కంచెకెక్కిన చీర కనపడిందనుకో, అది ఎవరో అత్తగారు పెట్టిందే అయ్యుంటుంది. మా కోడళ్ళ చీరలు కూడా అప్పుడప్పుడు చూసుకుంటూ ఉంటాను, ఏవి ఎక్కాయో అని. మీ అమ్మకి చెప్పకు.

సరే, అసలు విషయానికొస్తాను. మా ఆడపడుచు, అంటే మీ తాతయ్యకి అక్క, చీరాల్లో ఉంటుంది కదా. ఆవిడ దగ్గర ఒక కుప్పడం పట్టుచీర ఉంది. మగ్గం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, నేసే ఆయన ప్రాణం తీసి, దగ్గరుండి నేయించుకున్న చీర. పండుమిరపకాయ రంగు, ఆకుపచ్చ అంచు, చెంగు నిండా జరీ. చెంగు చివర పట్టు కుచ్చులు, ఒక్కోటీ నా చిటికెనవేలంత. ఆ చీరని ఆవిడ ఎవరినీ తాకనివ్వదు. అలాంటిది మా తమ్ముడి కూతురి నిశ్చితార్థానికి కట్టుకోమని నాకిచ్చింది. ఇస్తూ ఏమందో తెలుసా?

"ఏమే మరదలా, కూర్చునేటప్పుడు చూసుకుని కూర్చో. పులిహోర చేత్తో చెంగు ముట్టుకోబాకు. చెమట పట్టేట్టుంటే ఫ్యాను కింద నిలబడు. నా చీరకేమన్నా అయ్యిందా, నా సంగతి నీకు తెలుసు."

తెలుసు. అందుకే ఆ నిశ్చితార్థంలో నేను పులిహోర జోలికే పోలేదు. ఫ్యాను కింద కరెంటు స్తంభంలాగా నిలబడ్డాను. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు నన్ను చూసి, ఈవిడకి మోకాళ్ళు వంగవేమో పాపం అనుకున్నారట.

ఇంటికొచ్చాక చీరని నీడపట్టున ఆరేసి, మడతపెట్టి, ఒక పాత నేత చీరలో మూటలాగా చుట్టి గూట్లో పెట్టాను. పట్టుచీరని మెత్తటి పాత నూలు గుడ్డలో చుట్టి పెడితే జరీ నల్లబడదు. మా అమ్మ అలాగే పెట్టేది, నేనూ అంతే. ఆదివారం తనే వచ్చి తీసుకెళ్తానంది మా ఆడపడుచు. ఆ పై వారం చీరాల్లో వాళ్ళకి కావాల్సిన వాళ్ళింట్లో పెళ్ళి. ఆ పెళ్ళికి ఈ చీరే కట్టుకుంటున్నానని వీధి వీధంతా చెప్పేసుకుంది.

శుక్రవారం పొద్దున నేను పాలు పోయించుకుని వచ్చి చూద్దును కదా, గూట్లో మూట లేదు.

మీ తాతయ్య అప్పుడే చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏమయ్యా, ఇక్కడ పాత చీర మూట ఉండాలి, ఏది?"

"అదా? చేలో కట్టొచ్చా. నువ్వేగా పాత చీరలు తీసి పెడతానన్నావ్."

"దాని లోపల ఉన్నదో?"

"అదీ కట్టా. మంచి ఎరుపే అది! రోడ్డు మీద నుంచి కూడా కనపడతంది. అట్టాంటిది ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఆ వెలిసిపోయినయ్యి ఇచ్చావేందే నాకు?"

నేను పాలగిన్నె గడప మీద పెట్టేశాను. "అది మీ అక్క చీరయ్యా!"

"ఏ అక్కది?"

"నీకెంతమందున్నారు అక్కలు?"

ఉన్నది ఒక్కతే. ఆ ఒక్కతీ గుర్తొచ్చేసరికి ఆయన చేతిలో చెంబు బకెట్లో పడిపోయింది. దాన్ని పైకి తీశాడు. తర్వాత తప్పంతా నా మీదికి తోశాడు.

"పాత చీరలో చుడితే పాత చీరే అనుకుంటాం. మీ ఆడోళ్ళు పట్టుచీర పాతదాంట్లో పెడతారు, పంచదార ఉప్పు డబ్బాలో పోస్తారు, తాళంచెవులు బియ్యంలో దాస్తారు. మగోడు ఎట్టా బతకాల ఈ ఇంట్లో?"

"తర్వాత బతుకుదువుగాని, ముందు బండి తియ్యి."

మోపెడ్ మీద ఎక్కి పోయాం. గట్టు మలుపు తిరగ్గానే కనపడింది. పండుమిరప రంగు చీర, బీడు వైపు మూలన, కర్రకీ కర్రకీ మధ్య పెళ్ళి పందిరి తెరలాగా. అటూ ఇటూ మా పాతబడ్డ చీరల మధ్య అది జమీందారిణిలాగా నిలబడింది. కొసరు మిగిలిన చెంగు నేల దాకా వేలాడుతూ, ఆ పట్టు కుచ్చులు గడ్డిలో జీరాడుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. ఉరికెళ్ళి ముడి మీద చెయ్యి వేశాను.

కింద గడ్డిలో మట్టిపెడ్డ ఒకటి రెప్ప కొట్టింది.

మట్టిపెడ్డ రెప్ప కొట్టడమేంటని నేను వంగాను. అది పెడ్డ కాదు, జింకపిల్ల. మన ఇంటి పిల్లి కన్నా కాస్త పెద్దదంతే. కాళ్ళన్నీ కిందికి మడిచేసుకుని, మెడ నేలకి ఆనించి, చెవులు వీపుకేసి అంటించుకుని, నేను లేను అన్నట్టు పడుకుంది. నీ చిన్నప్పుడు దాగుడుమూతల్లో నువ్వు దుప్పటి తలకి కప్పుకుని కాళ్ళు బయట పెట్టేదానివి చూడు, అదే నమ్మకం. కళ్ళు మాత్రం నల్లగా, తడిగా, మొహానికి మించి ఉన్నాయి. చెంగు నీడ సరిగ్గా దాని మీద పడుతోంది. గాలికి కుచ్చు ఒకటి వచ్చి ముక్కుకి తగులుతుంటే ముక్కు ముడుచుకుంటోందిగానీ కదలట్లేదు.

"ఉష్షో" అన్నాను మెల్లిగా.

మీ తాతయ్య నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఉష్షో ఏందే, అది కోడిపిల్లా? నిన్నో మొన్నో పుట్టుంటది. నేను చీర కట్టి అటు రాగానే తల్లి ఇక్కడ పడుకోబెట్టి మేతకి పోయింది. బెదిరి పరిగెత్తిందంటే బీట్లో కుక్కలున్నాయి. తల్లొచ్చి చూస్తే ఇక్కడ ఉండాల్నా వద్దా?"

"ముడి విప్పి చీర లాగేస్తే దానికేం బెదురు?"

"నెత్తి మీద చూరు లేచిపోతే నువ్వు బెదరవా? పైగా మనిషి వాసన తగిల్తే తల్లి దగ్గరికి రాదంటారు."

"మీ అక్క మాత్రం వస్తుంది."

నేను చీర వైపు చూశాను, పిల్ల వైపు చూశాను. పిల్ల నా వైపు చూసి మళ్ళీ రెప్ప కొట్టింది. ఇక నేనేం చేస్తాను? తల్లి వచ్చి పిల్లని తీసుకెళ్ళగానే చీర విప్పుకుందామని, పత్తి సాళ్ళ వెనక తుమ్మచెట్టు కింద కూర్చున్నాం. ఇంకెంతసేపు, టిఫిన్ వేళకి ఇంట్లో ఉంటామనుకున్నాను.

తల్లి జింక మహా నటి. అంత దూరాన బీట్లో మేస్తూ కనపడింది. పిల్ల ఉన్న వైపు ఒక్కసారైనా చూడదే! ఇటు చూస్తుంది, అటు చూస్తుంది, నాలుగు పోచలు కొరుకుతుంది, ఇంకో దిక్కుకి నడుస్తుంది. ఆ పిల్లకీ తనకీ ఏ చుట్టరికమూ లేనట్టు. మీకు కనపడకుండా జంతికల డబ్బా దాచి, ఆ గదివైపే వెళ్ళకుండా తిరుగుతానే నేను, అచ్చం అదే పద్ధతి. చుట్టూ తిరిగి తిరిగి, ఎవరూ లేరనుకున్నాక, మేస్తూ మేస్తూ అనుకోకుండా వచ్చినట్టు మూల దగ్గరికొచ్చింది. అప్పుడు గొంతులోంచి చిన్న చప్పుడు. అంతే, ఆ మట్టిపెడ్డ లేచి నిలబడింది! కాళ్ళు నాలుగూ నాలుగు వైపులకి పోతున్నాయి. తల్లి కిందకి దూరి పొదుగుని తలతో ధన్ ధన్ మని కుమ్ముతూ తాగుతోంది, తోక గిరగిరా ఆడిస్తోంది. తల్లి దాని వెనకవైపంతా నాకి శుభ్రం చేస్తోంది.

"చూడు, ఎంత బుద్ధిగా కడిగించుకుంటుందో. మన పెద్దాడు గోడలెక్కేవాడు," అన్నాడు మీ తాతయ్య. మన పెద్దాడంటే మీ నాన్న. అది రాయి.

నేను మాత్రం లేచి పరిగెత్తడానికి చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని సిద్ధంగా ఉన్నాను. ఇప్పుడు తీసుకెళ్తుంది, ఇప్పుడు తీసుకెళ్తుంది. పాలు తాగడం అయ్యింది. తల్లి రెండడుగులు వేసింది. పిల్ల రెండడుగులు వేసింది. నేను సగం లేచాను. పిల్ల వెనక్కి తిరిగి, సరాసరి మా ఆడపడుచు చీర కిందికొచ్చి, కాళ్ళు మడుచుకుని, మళ్ళీ మట్టిపెడ్డ అయిపోయింది. తల్లి నాకెవరూ లేరు అన్నట్టు బీట్లోకి పోయింది.

"నచ్చినట్టుంది దానికి చీర," అన్నాడు మీ తాతయ్య.

"నచ్చదా మరి? కుప్పడం."

మధ్యాహ్నం దాకా అదే వరస. చీమలు కుట్టాయి. కదిలితే తల్లి తలెత్తి మా వైపే చూస్తుంది, చెవులు రెండూ నిక్కబొడుచుకుని. అది చూస్తున్నంతసేపూ నేను బిగదీసుకుని, కుడుతున్న చీమని కుట్టనిచ్చాను. మీ తాతయ్యకి సరిగ్గా అప్పుడే తుమ్ము. తువ్వాలు మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. తుమ్ము ఎటు పోయిందో తెలియదుగానీ కళ్ళల్లోంచి నీళ్ళు వచ్చాయి.

అప్పుడొచ్చాడు పక్క చేను ఆయన. ఆయన సంగతి నీకు తెలుసుగా, చేతిలో పార ఉన్నా లేకపోయినా ఫోను ఉంటుంది. మేం వద్దు వద్దని చేతులూపుతున్నా, గడ్డిలో పాక్కుంటూ వెళ్ళి వీడియో తీసుకొచ్చాడు.

"పిన్నీ, ఏముంది పిన్నీ పిల్ల! చీర కింద పాపలాగా! మన ఊరి గ్రూపులో పెట్టా."

నేను "ఏ గ్రూపు?" అనేలోపే మీ తాతయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఊరి గ్రూపులో ఊరి ఆడపడుచులందరూ ఉన్నారు. ఊళ్ళో గేదె ఈనినా చీరాల్లో తెలిసేది ఆ గ్రూపులోనే.

ఫోన్ మోగింది. మీ తాతయ్య దాన్ని పాముని పట్టుకున్నట్టు పట్టుకుని నాకిచ్చాడు. నేను ఆయనకిచ్చేశాను. చివరికి స్పీకర్లో పెట్టి మధ్యలో గట్టు మీద పెట్టాం.

"ఏరా, గ్రూపులో ఆ జింకపిల్లేందిరా?"

"మన చేలోదే అక్కా. ముద్దుగా లేదూ?"

"పిల్ల సంగతి తర్వాత. దాని పైన ఆ గుడ్డేందిరా?"

"గుడ్డా... ఏదో పాత గుడ్డక్కా."

"పాత గుడ్డా? ఆ అంచు మీద మామిడిపిందెలు నేను చెప్పి వేయించినయ్యిరా! అందులో ఒక పింద వంకరగా పడిందని నేసినాయనతో పొద్దస్తమానం కొట్లాడా. ఆ వంకర పింద కనపడతంది నాకు ఫోన్లో! ఎక్కడ నా మరదలు?"

"లేదు వదినా," అన్నాను.

"లేకపోతే మాట్లాడేదెవరే? పొద్దున్నే బస్సెక్కతన్నా. నేనొచ్చేసరికి నా చీర నా చేతిలో ఉండాల."

ఆ సాయంత్రం చీరని వదిలేసి ఆకాశమే చూస్తూ కూర్చున్నాను. భాద్రపదం మబ్బులు, ఒంగోలు వైపు నుంచి నల్లగా లేస్తున్నాయి. పట్టు మీద వాన పడిందంటే రంగు దిగి, జరీ నల్లబడి, ఇక నేను చీరాల వైపు తల పెట్టి పడుకోనక్కర్లేదు. పాలిథిన్ పట్టా తెచ్చి పైన కప్పుదామంటే, మీ తాతయ్య అది పటపటమంటుంది, పిల్ల జడుసుకుంటుందన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నేను దగ్గితే గుమ్మం బయటికి పోయి పడుకునే మనిషి, జింకపిల్ల నిద్ర చెడుతుందని బెంగపెట్టుకున్నాడు. అదృష్టం, ఆ రోజు వాన పడలేదు. తెల్లారకముందే మళ్ళీ తుమ్మచెట్టు కిందికి చేరాం.

మర్నాడు మా ఆడపడుచు ఒంగోల్లో బస్సు మారి, దర్శిలో ఆటో మాట్లాడుకుని, ఇంటికి కూడా రాకుండా నేరుగా చేను దగ్గరే దిగింది. గొడుగొకటి చంకలో, చేతిసంచి ఒకటి. ఆటో దిగుతూనే నోరు తెరిచింది. ఆవిడ గొంతు నీకు తెలుసుగా, చీరాల స్టేషన్లో రైలు కూత వినపడనిది ఆవిడ మాట్లాడుతున్నప్పుడే.

"ఏరా...!"

మీ తాతయ్య రెండు చేతులూ జోడించి పరిగెత్తాడు. "అక్కా, అక్కా, మెల్లిగా! పిల్ల పడుకోనుంది!"

అదేం మంత్రమో గానీ పసిపిల్ల పడుకుందనేసరికి ఆవిడ నోరు దానంతటదే మూతబడింది. తర్వాత జరిగిన తగువంతా గుసగుసల్లోనే. నా జన్మలో అలాంటి తగువు చూడలేదు. చేతులు తిప్పడం, ఉరిమి చూడడం, గొడుగు ఊపడం అన్నీ ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు.

"సిగ్గుందంట్రా నీకు?" అంది గుసగుసగా.

"తెలీక కట్టానక్కా," అన్నాడు గుసగుసగా.

"తెలీక కట్టావు సరే. ఎట్టా కట్టావో చూసుకున్నావా? అంచు పైకి పెట్టి తలకిందులుగా కట్టావు! దారిన పోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? మనింటి ఆడోళ్ళకి చీర కట్టడం రాదనుకోరా?"

"జింకలకేం తెలుసక్కా?"

"జింకలకి తెలీదు. బస్సులో పోయేవాళ్ళకి తెలుసు." నా వైపు తిరిగింది. "నువ్వేమే, పులిహోర ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా, తెచ్చి అడివికి కట్టావా?"

"మూటలో పెట్టాను వదినా, జరీ నల్లబడకుండా."

పాత చీరలో చుట్టడం మా అత్తగారు, అంటే ఆవిడ అమ్మ కూడా చేసే పనే. దాన్ని తప్పు పట్టలేక, కోపమంతా మళ్ళీ తమ్ముడి మీదికే తిప్పింది. అప్పటికి నాకు కాస్త ఊపిరాడింది.

అలా తిడుతూ తిడుతూనే ముందుకెళ్ళి పత్తి మొక్కల సందులోంచి తొంగి చూసింది. పిల్ల అప్పుడే ఆవలించింది. ఇంత లేత గులాబీ నాలుక. మా ఆడపడుచు గొడుగు కింద పెట్టేసి, "ఓయమ్మా, బంగారం!" అని నోటి మీద చెయ్యి వేసుకుంది. వెంటనే సర్దుకుని, "అయినా నా చీర నాకు కావాల," అంది.

మబ్బు కమ్ముకొస్తోంది. చల్లగాలి మొదలైంది. చీర తెరచాపలాగా పొంగుతోంది, చెంగు లేచి లేచి పడుతోంది. ముగ్గురం తుమ్మచెట్టు కింద వరసగా గొంతుక్కూర్చున్నాం. మా ఆడపడుచు ఆకాశం చూసి, చీర చూసి, పిల్లని చూసి, మీ తాతయ్య తొడ మీద గిల్లుతుంది. మబ్బు కాస్త దగ్గరికొస్తే మళ్ళీ గిల్లుతుంది. ఆయన అరవడానికి లేదు.

ఇక నేనే లేచి విప్పేద్దామా అనుకుంటుండగా తల్లి వచ్చింది. ఈసారి నటన తక్కువ. వాన వాసన దానికీ తగిలినట్టుంది, తొందరగా నడిచొచ్చి పిలిచింది. పిల్ల లేచింది. నిన్నటి మీద ఇవాళ కాళ్ళు గట్టిపడ్డాయి. అయితే లేవడం లేవడం తల్లి వైపు పోకుండా, మొహానికి తగులుతున్న పట్టు కుచ్చుని పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పొదుగనుకుంది పిచ్చిముండ! చప్పరిస్తోంది, తోకాడిస్తోంది. పాలు రావట్లేదు. పాలు రాకపోతే ఏం చేస్తాయి? తలతో కుమ్ముతాయి.

"వద్దే, వద్దే తల్లీ, వద్దే," అని మా ఆడపడుచు జపం చేస్తోంది.

పిల్ల వెనక్కి జరిగి ఒక్క కుమ్ము కుమ్మింది. తల చెంగులో ఇరుక్కుంది. కంగారుపడి గిలగిలా కొట్టుకుని లాగింది. పర్... మని చప్పుడు మా దాకా వినపడింది. మా ఆడపడుచు కూడా అదే చప్పుడు చేసింది. పిల్ల బయటికి దూకింది, నోట్లో ఒక కుచ్చుతో. తల్లి ముందు, పిల్ల వెనక, బీట్లోకి. ఆ పిల్ల ఎగరడం చూడాలి! నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల మీద నుంచి లేపి, స్ప్రింగు మీద పెట్టిన బొమ్మలాగా పైకీ కిందకీ. ఎందుకెగురుతోందో దానికీ తెలియదు. గుంపులో కలిసేదాకా కుచ్చు వదల్లేదు.

మేం ముగ్గురం ఒకేసారి చీర మీద పడ్డాం. మీ తాతయ్య వేసిన ముళ్ళు, ఎద్దుల్ని కట్టేసే ముళ్ళు, ఎంత విప్పినా ఊడితే ఒట్టు. చినుకులు మొదలయ్యాయి. మా ఆడపడుచు చీర మీదికి గొడుగు పట్టి తను తడుస్తూ, "పళ్ళతో విప్పరా, పళ్ళతో!" అని అరుస్తోంది. పిల్ల లేదు కదా, గొంతు తిరిగొచ్చింది. ఆ కేకకి ముళ్ళే భయపడి ఊడినట్టున్నాయి. చీరని చుట్టచుట్టి పక్క చేను మోటారు గదిలోకి ఉరికాం. ఆ గదిలో పక్క చేను ఆయన ముందే ఉన్నాడు, ఫోను తడవకుండా.

నాలుగు చినుకులు రాలి మబ్బు పొదిలి వైపు పోయింది. చీర తడవలేదు, రంగు దిగలేదు. చెంగు మూల మాత్రం అరచేతి వెడల్పున చిరుగు, ఒక కుచ్చు లేదు. మా ఆడపడుచు చెంగుని చేతుల మీద పరుచుకుని చిరుగుని వేలితో కొలిచింది. పెళ్ళి వారం రోజుల్లో. వీధంతా చెప్పుకుంది.

"వదినా, ఇంకో చీర కొనిస్తాం," అన్నాను.

"ఇంకోటెందుకు? ఇదే కట్టుకుంటానని చెప్పా, ఇదే కట్టుకోవాల. మాటంటే మాటే." చిరుగు మడిచింది, తిప్పింది. "వెనక వేలాడేస్తే కనపడుద్ది. భుజమ్మీద మడతపెడితే? ఊహూ. ఎవరికన్నా కట్టి చూడాల." మీ తాతయ్య మీద చూపు ఆగింది. "ఏరా, ఇట్రా."

"నేనా?"

"చేనుకి కట్టినోడివి నువ్వేగా? నువ్వే నిలబడాల."

లుంగీ మీద, బనీను మీద, మీ తాతయ్యకి కుప్పడం పట్టుచీర కట్టింది మా ఆడపడుచు. కుచ్చెళ్ళు నేనే పోశాను, మరీ అన్యాయంగా కట్టకూడదు కదా. ఆయన మీసాలతో సహా నిలబడి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"వీపు నిటారుగా పెట్టు. ఇప్పుడు అట్టా గట్టు మీద నడువు. దూరం నుంచి చూడాల."

"అక్కా, రోడ్డు మీద జనం పోతన్నారు."

"చిరుగు నడిస్తేనే తెలుస్తది. నడవరా!"

నడిచాడు. పక్క చేను ఆయన ఫోను పైకెత్తితే, "దించరా దాన్ని, దించు!" అని చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని మరీ నడిచాడు. బీట్లో జింకలన్నీ మెయ్యడం ఆపి తలలెత్తాయి. నల్లది కూడా ముక్కు దించి చూసింది. అంతమంది చీరలు కడితే లెక్కచెయ్యని జింకలు, మీ తాతయ్యని అలా చూసి ఒక్క క్షణం నిలబడి, ఒక్కసారిగా గాల్లోకి లేచి పారిపోయాయి. తల్లీ పిల్లా అందరికన్నా ముందు.

మా ఆడపడుచు వాటికేసి చూడనైనా చూడలేదు. కళ్ళు చిట్లించుకుని చెంగే చూస్తోంది. "వేలాడితే కనపడతంది. ఆగు." దగ్గరికెళ్ళి, చెంగుని వెనక నుంచి నడుం చుట్టూ తిప్పి, చివర బొడ్లో దోపింది. చిరుగు లోపలికి పోయింది. జరీ మొత్తం నడుం మీద తళతళలాడుతోంది. "ఇదీ! పనిచేసే ఆడది చెంగు దోపుకునే తిరుగుతుంది. ఎవడడుగుతాడు?"

"పెళ్ళి మనది కాదుగా వదినా, నీకేం పనుంటుంది అక్కడ?"

"కల్పించుకుంటా," అంది.

కల్పించుకుంది కూడా. ఆ పెళ్ళికి వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పారు. చెంగు దోపుకున్నది దోపుకున్నట్టే పందిట్లోకీ వంటల దగ్గరికీ తిరుగుతూనే ఉందట. అక్షింతల పళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఊరికే మార్చిందట. వంటవాళ్ళకి సాంబారు కలపడం నేర్పబోయి తిట్లు తిన్నదట. కాసేపు కూర్చోండి పిన్నిగారూ అని పెళ్ళికూతురి తల్లి చెయ్యి పట్టుకుని బతిమాలితే, కూర్చుంటే దోపు ఊడుతుందని, భోజనం కూడా గోడకానుకుని నిలబడే తిన్నదట. ఆఖరికి పెళ్ళివాళ్ళు, ఇంత కష్టపడ్డ మనిషిని ఊరికే పంపితే బాగుండదని, వెళ్ళేటప్పుడు ఆవిడకి చీర పెట్టారు.